ఖరాబు మాల్

రాయమల్లుకు నలభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో మనిషి ఇంకొకరికి పని నేర్పాలి గాని తానే కొత్తగా నేర్చుకోవడమేమిటని సిరిసిల్ల నేతగాళ్ల వాడంతా నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లల్లో మగ్గాలు ఊరికే పడి ఉన్నాయి. నవ్వుకు నూలు అక్కర్లేదు గనుక వాళ్లు తీరిగ్గా నవ్వారు.

అది పంతొమ్మిది వందల అరవై నాలుగు. దసరా దాకా అతనికి పని ఉండేది. సాహుకారు నూలు ఇచ్చేవాడు, ఇంట్లో గుంట మగ్గం మీద రాయమల్లు చీరలు నేసేవాడు, పక్కన కూర్చుని భార్య దుర్గవ్వ, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టడానికి, రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. పండుగ దాటాక నూలు కోసం పోతే సాహుకారు కుర్చీలోంచి లేవకుండానే సంగతి తేల్చేశాడు.

"ఇగ నూలు లేదు రాయమల్లూ. సాంచెల గుడ్డ సగం ధరకు దొరుకుతుంటె నీ చీర నేనెవ్వలకు అమ్మాలె?"

మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచె అంటారు. ఊరికి కరెంటు వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు గాని అప్పుడే నాలుగు వాడల్లో సాంచెల చప్పుడు మొదలైంది. రాయమల్లు మిగిలిన నూలుతో రెండు చీరలు నేశాడు. కార్తీకం గడిచింది, మార్గశిరం గడిచింది. పని లేని మనిషి ఇంట్లో ఉంటే ఇల్లు ఇరుకవుతుంది. మగ్గం గుంటలోకి దిగేవాడు, ఊరికే కాళ్లాడించేవాడు, పైకి వచ్చేవాడు, వాకిట్లోకి పోయేవాడు, మళ్లీ లోపలికి వచ్చేవాడు.

"నువ్వు గిట్ల తిరుగుతుంటె నాకు కండ్లు తిరుగుతున్నయి" అంది దుర్గవ్వ.

పుష్యమాసం మొదట్లో ఒక పొద్దున అతను ఎవరికీ చెప్పకుండా కొండల్ కార్ఖానాకు పోయాడు.

కొండల్ కూడా నేతగాడే, రాయమల్లు ఈడువాడే. పదేళ్ల కింద బొంబాయి దగ్గరి భీవండి పోయి, అక్కడ సాంచెల మీద పని చేసి, పాతవి ఎనిమిది కొనుక్కుని లారీలో వేసుకొచ్చాడు. తనను సేటు అని పిలిపించుకోవడం కూడా అక్కడే నేర్చుకొచ్చాడు.

"పని నేర్పుత, ఎందుకు నేర్ప?" అన్నాడు కొండల్. "పోరగాండ్లకైతె రెండు నెల్లు. ముసలి చేతులకు పని జల్ది రాదు, నీకు మూడు నెల్లు. అప్పటిదాంక కూలి లేదు."

"మూడు నెల్లు ఏం తినాలె కొండల్..." అని, నాలుక కరుచుకుని, "సేటూ" అని కలిపాడు రాయమల్లు.

"నేర్సుకునేటోడు నేసేదంత ఖరాబు మాలే. నూలు నాది, కరెంటు నాది, సాంచె నాది. నష్టం నా నెత్తినేసుకొని కూలి గూడ నేనే ఇయ్యాల్నా? భీవండిల నాకెవ్వడిచ్చిండు? ఆరు నెల్లు సాంచెల నడుమ పండుకున్న."

మాట అబద్ధం కాదు. కొండల్ భీవండిలో పడ్డ పాట్లు వాడంతా విన్నదే. అతనే చెప్పాడు, చాలాసార్లు చెప్పాడు.

తిరిగి వస్తుంటే రాయమల్లుకు ఒళ్లు మండింది. పదహారేళ్ల పిల్లవాడు కూలి లేకుండా పని నేర్చుకుంటే వాడికి బువ్వ పెట్టడానికి ఇంట్లో బాపు ఉంటాడు. నలభై ఎనిమిదేళ్ల వాడికి ఎవరు పెడతారు? బాపు పోయి ఇరవై ఏళ్లయింది. ఉన్నది ఒక్క బిడ్డ, పెళ్లయి కోరుట్లలో ఉంది. పోయి అల్లుడి వాకిట్లో గిన్నె పట్టుకుని నిలబడతాడా? నేర్చుకోవాలని ఉంది, నేర్చుకోగలననే ధైర్యం కూడా ఉంది. నేర్చుకునే ఆ మూడు నెలలు బతికి ఉండటం ఎలాగన్నదే తెలియడం లేదు.

దుర్గవ్వ అంతా విని, దండెం మీది గుడ్డలు తీసి మడత పెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"నేను తునికాకు పట్టుకుంట."

బీడీలు చుట్టడం ఆమెకు తల్లిగారింట్లో వచ్చిన పని, పెళ్లయ్యాక మానేసింది. బీడీ కంపెనీ తరఫున టేకేదారు ఆకూ తంబాకూ ఇస్తాడు. వెయ్యి బీడీలు చుట్టి అప్పజెబితే ఇంత అని కూలి ఇస్తాడు. అందులోనూ ఆకు తక్కువైందనీ కట్ట వదులైందనీ కొంత కోసుకుంటాడు.

"పెండ్లాం బీడీలు చేస్తుంటె నేను కూసోని తినుడా?" అన్నాడు రాయమల్లు.

"కూసుంటనంటె ఎవరు పెడుతరు? నిలబడి నేర్సుకో. ఇన్నేండ్లు నీ నాడెలకు కండెలు ఎవరు చుట్టిన్రు? అప్పుడు ఎవరు ఎవరిని సాదినట్టు? మూడు నెల్లు నేను సాదుత, పో."

అలా రాయమల్లు చదువు ఖర్చు దుర్గవ్వ వేళ్ల మీద పడింది.

నిలబడి అని ఆమె మాటవరసకు అన్నది గాని, అసలు కష్టమంతా అక్కడే ఉంది. గుంట మగ్గం మీద నేతగాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేస్తాడు. పన్నెండో ఏట దిగిన గుంట అది. ముప్పై ఆరేళ్లుగా అతని కాళ్లు కింది కర్రలను తొక్కుతూనే ఉన్నాయి. కార్ఖానాలో సాంచెల నడుమ పొద్దుమూకేదాకా నిలబడాలి, కాళ్లకు పనే లేదు. వారం తిరిగేసరికి పిక్కలు వాచాయి. పైగా ఆ కాళ్లు ఊరుకోవు. చేతికి నాడె తగలగానే పాదాలు వాటంతటవే ఒకటి విడిచి ఒకటి నేలను తొక్కేవి. చూసి కుర్రకారు నవ్వేది. ఒకనాడు పోగు తెగితే, చేతిమగ్గం అలవాటు కొద్దీ అడ్డపోగును దగ్గరికి కొట్టే పలకను అరచేత్తో పట్టి ఆపబోయాడు. సాంచె అతని మాట వినలేదు, నాలుగు వేళ్లు కమిలి నల్లబడ్డాయి.

నేర్పేవాడు హనుమంతు. రాయమల్లు అక్క కొడుకు, ఇరవై ఆరేళ్లవాడు, ఆ కార్ఖానాలో అందరికంటే చేయి తిరిగినవాడు. తమాషా ఏమిటంటే అసలు హనుమంతుకు నాడె పట్టడం నేర్పిందే రాయమల్లు. తండ్రి పోయిన పిల్లవాడిని ఇంటికి తెచ్చుకుని రెండేళ్లు తన మగ్గం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ రెండేళ్లూ హనుమంతు తిన్నది దుర్గవ్వ పెట్టిన అన్నం. నేతగాళ్లలో పద్ధతి అదే. పని నేర్చుకునేవాడు నేర్పేవాడి ఇంట్లో తింటాడు. వాడు చెడగొట్టిన పోగులు నేర్పేవాడు విప్పుకుంటాడు. దాన్ని ఎవరూ ధర్మమనలేదు, దయ అనలేదు, నేర్పడమంటేనే అది అనుకున్నారు.

"కాళ్లు ఆపు మామా. గిక్కడ కాళ్లతోని పని లేదు" అని హనుమంతు చెవి దగ్గర అరిచేవాడు. సాంచెల చప్పుడులో అరిస్తే గాని మాట వినపడదు.

"నేను ఆపుతున్న అల్లుడా. అవి ఆగుతలెవ్వు."

అయినా నేర్చుకున్నాడు. నాడె కంట్లోంచి పోగును నోటితో పీల్చి లాగడం నేర్చుకున్నాడు, సాయంత్రానికి నోరంతా దూదే. సాంచె ఆపకముందే ఏ పోగు తెగబోతోందో చప్పుడును బట్టి పసిగట్టడం నేర్చుకున్నాడు. ముడి వేయడం ఎవరూ నేర్పాల్సిన పని లేదు, అందులో కార్ఖానా మొత్తానికి అతనే పెద్ద. ఇరవయ్యో దినాన హనుమంతు అతనికి ఒక సాంచె పూర్తిగా అప్పగించాడు. తువ్వాలల బట్ట.

రాయమల్లు ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బట్ట మొదలుపెట్టేటప్పుడు నేతగాళ్ల మూలపురుషుడు మార్కండేయుణ్ణి తలుచుకుని, అంచు పక్కన నాలుగు వేళ్ల మేర ఒక పసుపు పోగు చేత్తో దూరుస్తారు. తాత చేశాడు, బాపు చేశాడు, ఇతనూ చేశాడు. ఆ రోజు రొంటిన పెట్టుకుని తెచ్చిన పసుపు పోగు తీసి, సాంచె ఆపి, దూర్చాడు. అది తాను సాంచె మీద నేసే మొదటి బట్ట గనుక దాని పక్కనే కుంకుమ అద్దిన పోగు కూడా ఒకటి వేశాడు. ఆ తర్వాత మొదలుపెట్టిన ప్రతి బట్టకూ పసుపు పోగు ఒక్కటే.

"గిదేంది మామా, సాంచె గుడ్డకు గూడ పసుపా?" అన్నాడు హనుమంతు.

"అలవాటు."

సేటు చూస్తే తిడతాడేమోనని హనుమంతు భయపడ్డాడు. కాని కొండల్ బట్టను అంత దగ్గరగా చూసే మనిషి కాదు. నేర్చుకునేవాళ్లు నేసిన బట్టను రెండు చేతులా పట్టుకుని దులిపి, "ఖరాబు" అని మూలకు విసిరేవాడు. ఆ కుప్పనంతా చిత్తు గుడ్డల కింద తూకానికి అమ్ముతాననీ, దాంతో తనకు నూలు ధర కూడా రాదనీ చెప్పేవాడు. రాయమల్లు కుప్పలోంచి తన బట్ట తీసుకుని వెలుగులో చూసుకునేవాడు. తప్పు కనపడేది కాదు. కనపడకపోవడమే తన తప్పేమో అనుకునేవాడు. కొత్త పనిలో మనిషికి తన కళ్ల మీద తనకే నమ్మకముండదు.

అతనితోపాటు నేర్చుకునేవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. ఇద్దరు కుర్రాళ్లు. మూడోవాడు బాలమల్లు, యాభై దాటినవాడు, రాయమల్లుకంటే రెండు వారాలు ముందు చేరాడు. పాలిచ్చే బర్రెను అమ్మి ఈ చదువుకు వచ్చాడు. అతని బట్ట కూడా ఖరాబే. "ఏడ తప్పు పోతుందో సమజైతలేదు రాయమల్లూ" అని ఒకసారి అడిగితే, "నాకూ సమజైతలేదు" అన్నాడు ఇతను. ఇద్దరూ తమ తమ వయసును తిట్టుకుని మళ్లీ సాంచెల దగ్గరికి పోయారు.

మాఘం వచ్చింది. దుర్గవ్వ వేళ్ల కొనలు కత్తెరకు కోసుకుపోయి, గోళ్ల సందుల్లో తంబాకు దిగి, చెయ్యి పసుపు నీళ్లలో పెడితే మండేది. దగ్గు కూడా పట్టుకుంది. పొద్దున జొన్న గటుక అతని గిన్నెలో పోసి, "నేను ఎప్పుడో తిన్న" అనేది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.  రాయమల్లుకు సిగ్గేసేది, కోపమొచ్చేది, ఆ కోపం ఎవరి మీదో తెలియక సగం తిని లేచేవాడు. కార్ఖానాలో నిలబడలేడు, ఇంట్లో కూర్చోలేడు. దారిలో నడుస్తున్నంతసేపే కాస్త ప్రాణం తెరిపినపడేది.

ఒక సాయంత్రం పక్కింటి మొండయ్య వచ్చాడు. రాయమల్లుకంటే మూడేళ్లు చిన్న, అతనికీ నూలు ఆగిపోయింది.

"అన్నా, పనొచ్చిందా?"

"ఇంక రాలే. ఖరాబే అయితుంది."

"నేను గూడ పోయి అడిగిన. మూడు నెల్లంటుండు సేటు. మా ఇంటిదానికి చూపు ఆనది, బీడీ గూడ చెయ్యలేదు. ఒక్క నెలంటె ఎట్లనో ఓర్సుకుందుము. మూడు నెల్లు మాతోని యాడైతది?"

రాయమల్లు వాచిన పిక్కలు ఒత్తుకుంటూ కూర్చున్నాడు. మొండయ్య కూడా కాసేపు కూర్చుని లేచి పోయాడు.

శివరాత్రికి కార్ఖానాకు సెలవు. దుర్గవ్వకు వేములవాడ రాజన్న మొక్కు ఉంది. ఇతనికి పని వస్తే గుడి చుట్టూ కోడెదూడను తిప్పి కడతానని మొక్కింది. పని ఇంకా రాలేదు గాని, దేవుడికి ముందే ఇస్తే కాస్త తొందరపడతాడేమోనని బీడీల డబ్బుల్లోంచి కొంత మూటగట్టి, ఇద్దరూ బస్సెక్కారు.

వేములవాడలో ఇసుక వేస్తే రాలనంత జనం. కోనేటి గుండంలో మునిగి గుడివైపు పోతుంటే దారికి రెండు పక్కలా దుకాణాలు. తడి తల తుడుచుకోవడానికి తువ్వాలలు కొనేవాళ్లు ఎగబడుతున్నారు. నేతగాడు దేవుడి దగ్గరికి పోతున్నా బట్ట కనపడితే చెయ్యి పెట్టకుండా ఉండలేడు. రాయమల్లు ఒక దుకాణం ముందు ఆగి, పేర్చిన తువ్వాలల్లో పైదాని అంచు పట్టుకున్నాడు. ఆ అంచు పక్కన నాలుగు వేళ్ల మేర పసుపు పోగు ఉంది.

వరస అంతా కింద నుంచి పైదాకా వేలితో తిప్పాడు. ఇంకొకటి దొరికింది. ఇంకా అడుగున, పసుపు పోగు పక్కనే ఎర్రటి కుంకుమ పోగు ఉన్న తువ్వాల దొరికింది. లోకంలో ఆ రెండు పోగులూ పక్కపక్కన ఉన్న తువ్వాల ఒక్కటే ఉంటుంది.

"అవ్వల్ మాల్, మొదటి రకం. తీసుకో పెద్దమనిషీ" అన్నాడు దుకాణదారు.

"ఏడిది గీ మాల్?"

"సిరిసిల్లది. కొండల్ సేటు కార్ఖానాది. పోయిన నెల తెచ్చిన."

"చిత్తు ధరకిచ్చిండా?"

దుకాణదారు నవ్వాడు. "గాయన చిత్తుకిచ్చే మనిషా? ఒక్క పైస తక్కువ జెయ్యలే. గుడ్డ గట్టిగున్నదని నేనూ అడగలే."

దుర్గవ్వ మొక్కు మూట విప్పింది. ఆ ఎర్ర పోగు తువ్వాల ధర చెల్లించి చంకలో పెట్టుకుంది. "రాజన్నకు నేను చెప్పుకుంట" అంది. కోడె కట్టలేదు. బయటి నుంచే దండం పెట్టుకుని బస్సుల దగ్గరికి వచ్చి ఒక రాయి మీద కూర్చున్నారు.

నిజం చెప్పాలంటే రాయమల్లుకు ముందు కలిగింది సంతోషం. తన బట్ట అవ్వల్ మాల్. ముసలి చేతులకు పని రాదన్నాడు, వచ్చింది. తువ్వాలను ఒళ్లో పరుచుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు.

"గిది ఇరవయ్యో దినం నేసింది దుర్గవ్వా. ఇరవై దినాలల్లనే నాకు పనొచ్చింది."

ఆమె అతని ముఖం వైపు చూసింది.

"మరి తర్వాతి ముప్పై అయిదు దినాలు నేను ఎవలకు బీడీలు చేసిన?"

రాయమల్లు తువ్వాల మడిచేశాడు. సంతోషం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. బస్సు వచ్చేదాకా లేచి కూర్చుని, కూర్చుని లేచి, పది అడుగులు అటు పోయి పది అడుగులు ఇటు వచ్చి, ఆ జనంలో అందరికీ అడ్డమే అయ్యాడు.

తెల్లవారి ఇద్దరూ కార్ఖానాకు పోయారు. కొండల్ బయట అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. దుర్గవ్వ తువ్వాల తీసి అతని ముందు పరిచి, పోగులు చూపించి, ఎక్కడ కొన్నదో ఎంతకు కొన్నదో చెప్పింది. కొండల్ పుక్కిలించి ఉమ్మి, చేతులు తుడుచుకుని, తువ్వాలను మొదటిసారి దగ్గరగా పెట్టుకుని చూశాడు. సిగ్గు పడతాడేమో అనుకున్నారు ఇద్దరూ. అతను పడలేదు.

"మంచిగున్నది. అయితె నీకు పనొచ్చినట్టే గద రాయమల్లూ. రేపటి నుంచి రెండు సాంచెలు నీయి. కూలి నీది. మూడు నెల్లు గూడ చూడను, ఖుషేనా?"

రాయమల్లుకు గుండె మీది బరువు దిగింది. నాలుగు నెలలుగా ఏ మాట కోసం తిరిగాడో ఆ మాట ఇదే.

"ముప్పై అయిదు దినాల కూలో?" అంది దుర్గవ్వ.

"గది నేర్పిన ఖర్సు."

"నేర్పింది హనుమంతు. హనుమంతుకు నేర్పింది ఈయన. మేము ఖర్సు తీసుకోలే, బువ్వ పెట్టినం."

కొండల్ ఆమెను వదిలి రాయమల్లు వైపు తిరిగాడు. "రెండు సాంచెలు కావాల్నా, గీ లొల్లి కావాల్నా? పని కావాలంటె రేపు పొద్దుగాల రా. గీ తువ్వాల ముచ్చట మాత్రం లోపల ఎవ్వలకు చెప్పద్దు."

"వస్త సేటూ" అన్నాడు రాయమల్లు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో విని అతనికే ఆశ్చర్యమేసింది. దుర్గవ్వ తువ్వాల తీసుకుని ముందు నడిచింది, ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మరునాడు సాంచెల దగ్గర హనుమంతును పక్కకు పిలిచి అడిగాడు. "నీకెరికేనా అల్లుడా?"

"అందరికెరికే మామా. నేనూ అట్లనే నేర్సుకున్న. చెప్తె నన్ను తీసేస్తడు, పిల్లలున్నరు." హనుమంతు కింద పడ్డ కండె ఒకటి ఏరుకుని, మళ్లీ కింద పడేశాడు.

మా ఇంట్లో తిన్నావు గదరా అన్న మాట రాయమల్లు నోటిదాకా వచ్చింది. అనడానికి తనకు ముఖమేది? నిన్న సేటు దగ్గర నోరు కుట్టుకున్నది తాను కాదా? పక్క సాంచె మీద బాలమల్లు వంగి పోగులు వెతుక్కుంటున్నాడు. అతని బట్ట మధ్యాహ్నానికి మూలన పడింది. రాయమల్లు అటు చూడకుండా ఉండటానికి రోజంతా కష్టపడ్డాడు. పని చేతికి వచ్చింది, కూలి చేతికి రాబోతోంది, కాని కార్ఖానాలో అడుగు పెట్టినప్పటి నుంచి బయటపడేదాకా పాదాలు మళ్లీ నేలను తొక్కుతూనే ఉన్నాయి.

వారం కూలి తెచ్చి దుర్గవ్వ చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుని కొంగున ముడేసి, మళ్లీ తంబాకు చాట ముందుకు లాక్కుంది.

"ఇగ ఎందుకు? దగ్గుతున్నవు, బంద్ చెయ్యి" అన్నాడు.

"టేకేదారు కూలి కోస్తె నేను వాని ముంగటనే అడుగుత. నా కూలి నేను భయపడి తీసుకుంటలేను."

ఆమె ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది అనిపించింది రాయమల్లుకు. ఆ సాయంత్రం ఊరి చివరి వాగుదాకా నడిచి వచ్చాడు.

తర్వాతి సోమవారం, సాంచెలన్నీ నడుస్తుండగా మొండయ్య కార్ఖానా లోపలికి వచ్చాడు. తలుపు దగ్గర కరెంటు మీటల పలక పక్కన నిలబడి ఉన్న కొండల్‌కు దండం పెట్టి, రేపటి నుంచి వస్తానని చెప్పినట్టున్నాడు. సేటు తల ఊపాడు. మొండయ్య అక్కడి నుంచి నేరుగా రాయమల్లు సాంచెల నడుమకు వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"చేరుతున్న అన్నా. మగ్గం అమ్ముతున్న. కట్టెల ధరకే పోతుంది, రేపొస్తడు కొనేటోడు. మూడు నెల్లు ఎల్లాలె గద."

రాయమల్లు చేతిలో నాడె అట్లాగే ఉండిపోయింది. మొండయ్య మగ్గం అతనికి తెలుసు. టేకు మగ్గం, మొండయ్య తాత చేయించింది. దాన్ని పొయ్యిలో పెట్టడానికి ఎవడో కొంటాడు, ఆ డబ్బు మూడు నెలల్లో ఈ కార్ఖానా మూలన ఉన్న కుప్పలో కలిసిపోతుంది, ఆ కుప్ప వేములవాడ పోతుంది.

"ఒక్క మాట అడుగుత" అని మొండయ్య మళ్లీ అరిచాడు. "సేటు చెప్పింది గాదు, నువ్వు చెప్పు. నీకు పని ఎన్ని దినాలకొచ్చింది?"

వినపడలేదని చెవి చూపిస్తే సరిపోయేది. ఆ చప్పుడులో ఎవరూ తప్పు పట్టరు. కొండల్ ఇటే చూస్తున్నాడు. రాయమల్లు మొదట కుడి సాంచె ఆపాడు, తర్వాత ఎడమ సాంచె ఆపాడు. మిగతా ఆరూ నడుస్తూనే ఉన్నాయి. గొంతు నరాలు తేలేలా అరిచాడు.

"ఇరవై దినాలు."

కొండల్ పెద్ద మీట కిందికి లాగాడు. ఆరు సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. చెవులు గింగురుమన్నాయి. పనివాళ్లందరూ కరెంటు పోయిందేమోనని తలలెత్తి, మీట మీద సేటు చెయ్యి చూసి ఆగారు.

"ఏమన్నవు?" అన్నాడు కొండల్.

ఇప్పుడు అరవాల్సిన పని లేదు. చప్పుడు చాటు కూడా లేదు. రెండు సాంచెలు, వారం కూలి, దుర్గవ్వ దగ్గు, అన్నీ రాయమల్లు కళ్ల ముందు తిరిగాయి. అతను సేటు వైపు చూడలేదు. మొండయ్యకే చెప్పాడు, మామూలు గొంతుతోనే చెప్పాడు.

"ఇరవై దినాలకే వచ్చింది మొండయ్యా. ఇరవయ్యో దినం నేను నేసిన గుడ్డ ఏములాడల అవ్వల్ మాల్ కింద అమ్ముతున్నరు. నా పసుపు పోగు నేను గుర్తుపట్టిన, పైసలిచ్చి కొనుక్కచ్చిన. గా మూలకున్నది ఖరాబు మాల్ గాదు. మగ్గం అమ్మకు."

కొండల్ ముఖం నల్లబడింది. "హనుమంతూ, మీ మామను బయటికి తోలు" అన్నాడు. హనుమంతు ఒక అడుగు వేసి, మామ ముఖం చూసి, అక్కడే నిలబడిపోయాడు.

బాలమల్లు మూలన ఉన్న కుప్ప దగ్గరికి పోయి తన బట్ట తీసుకుని చంకన పెట్టుకున్నాడు. అక్కడే గోడకు ఆనుకుని వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి, మళ్లీ మొదటి నుంచి మడిచాడు, మళ్లీ అయిపోయాయి. అందరూ అతన్నే చూస్తున్నారు. తొందరపడకుండా పూర్తిగా లెక్కపెట్టుకుని, తల ఎత్తాడు.

"సేటూ, నాకు గీ దినంతోని ఎనభై ఒకటి" అన్నాడు. "ఇరవై తీసెయ్యి."

కొండల్ మీట పైకి ఎత్తాడు. సాంచెల దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు.